మొదటి గంటలో అకౌంట్స్ పెట్టకండి

ఈ జూన్‌లో మన లెక్చరర్లలో ఎవరో ఒకరు ఆ అడ్మిషన్ల బల్ల దగ్గర కూర్చుంటారు. మెట్ల కింద, కిటికీ పక్కన, ఊగకుండా ఒక కాలి కింద అట్టముక్క మడిచి పెట్టిన బల్ల. పంతొమ్మిదేళ్ళు అక్కడ కూర్చున్నదాన్ని నేను. పోయిన నెల రిటైరయ్యాను. సన్మానం చేశారు, శాలువా కప్పారు, నా గురించి నాకే తెలియని గొప్పలు చాలా చెప్పారు. పని గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క అడగలేదు. అందుకే అడక్కపోయినా రాస్తున్నాను. నా మాట కాస్త కటువు, ముందే చెబుతున్నా. నచ్చకపోతే పేజీ తిప్పేయండి, నాకేం నష్టం లేదు.

బల్ల దగ్గర జరిగేది

మన కాలేజీ మీకు తెలిసిందే. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు వచ్చే సందులో, కింద చెప్పుల దుకాణాలు, పైన మూడంతస్తుల్లో మనం. సీటు ఈ రోజుల్లో ఆన్‌లైన్‌లోనే వస్తుంది. కానీ సీటు వచ్చాక పిల్లలు మన బల్ల దగ్గరికి రావాల్సిందే. బీకామా, బీబీఏనా అన్నది అప్పటికే తేలిపోయి ఉంటుంది. తేలనిది మిగతాదంతా. పొద్దుటి సెక్షనా, మధ్యాహ్నం సెక్షనా? రెండో భాష తెలుగా, హిందీయా, సంస్కృతమా? కంప్యూటర్ పేపరు ఇప్పుడే తీసుకోవాలా, రెండో సెమిస్టర్ దాకా ఆగాలా? ఇంటర్‌లో కామర్స్ చదవని వాళ్ళకి అదనపు క్లాసు కావాలా?

ఒక్కొక్కరికీ ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల్లో మనం రాసిచ్చినదాన్ని పట్టుకుని వాళ్ళు ఏడాదంతా బతకాలి. ఇది ప్రిన్సిపాల్‌కి తెలియదు, తల్లిదండ్రులకి తెలియదు. చాలాకాలం నాకూ తెలియలేదు.

నేను ప్రతి పిల్లకీ, పిల్లవాడికీ ఒక కార్డు రాసేదాన్ని. కార్డంటే కాలేజీ ఇచ్చింది కాదు. మన అటెండర్ యాదగిరి బావమరిది పెళ్ళికార్డులు అచ్చేసే ప్రెస్సులో పని చేస్తాడు. అచ్చు తప్పుపడి పారేసిన కార్డులు యాదగిరి కట్టలు కట్టి తెచ్చేవాడు. ఒక వైపు ఎవరో చిరంజీవి, చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి. వెనక వైపు మన బీకామ్ ఫస్టియర్. అంత మంచి దళసరి కాగితం ఏ కాలేజీ ఆఫీసూ ఇవ్వదు.

నా గురించి ఒక్క ముక్క. మా నాన్న యాభై ఆరులో గుంటూరు వైపు నుంచి సర్కారు గుమాస్తాగా ఈ ఊరు వచ్చారు. నేను నాంపల్లిలోనే పుట్టాను. ఇంట్లో కుళాయి అంటాం, గడప దాటితే నల్లా అంటాం. పుట్టి పెరిగింది ఇక్కడే కాబట్టి ఈ ఊరి పిల్లల సంగతులు నాకు తెలియనివి ఉండవని ఒక పొగరు ఉండేది. అది ఎలా దిగిందో చెప్పడానికే ఇదంతా.

కిషన్‌రావు సార్ ప్రశ్న

నన్ను ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టింది మా హెడ్ కిషన్‌రావు సార్. తరాలుగా ఈ ఊరివాళ్ళు. తెలుగులో మొదలుపెట్టిన మాట ఉర్దూలో ముగించేవారు. మొదటి రోజు నేను మార్కుల మెమోలు ముందేసుకుని కూర్చుంటే వాటిని తీసి పక్కన పెట్టేశారు.

"మార్కులు మెమోల ఉంటయమ్మా, యాడికి పోవు. నిన్న పొద్దున లేచినకాడికెళ్ళి ఏం చేసిన్రో అడుగు. గది చెప్పిన్రంటే ఏ సెక్షన్ల ఎయ్యాలెనో నీకే ఎర్కయితది" అన్నారు.

ఆయనేం దేవుడు కాదు. ఆడపిల్లలకి స్టాటిస్టిక్స్ ఎక్కదని చివరిదాకా నమ్మారు. దుకాణాల వాళ్ళ పిల్లలు కనిపిస్తే కళ్ళు మూసుకుని ఆఖరి సెక్షన్‌లో వేసేవారు. ఆ రెంటి మీదా ఆయనతో బాహాటంగా పోట్లాడాను. ఒకసారి పదిహేను రోజులు మాటల్లేవు. కానీ ఆ ప్రశ్న మాత్రం బంగారం. నిన్నటి రోజు చెప్పమంటే పిల్లలు మొదట తెల్లమొహం వేస్తారు, తర్వాత చెబుతారు. ఒక కుర్రాడు గౌలిగూడలో తెల్లారుజామున నాలుగింటికి లేచి ఇంటింటికీ పేపర్లు వేస్తాడని అలాగే తెలిసింది. వాడు పొద్దుటి సెక్షన్ అడిగితే నేను మధ్యాహ్నం వేశాను, పేపర్లు వేసొచ్చి కాసేపు నిద్రపోతాడని. మొదటి వారం మొహం మాడ్చుకుని తిరిగాడు. దసరాకి వచ్చి, నిద్ర సరిపోతోంది మేడమ్ అన్నాడు. ఉద్యోగంలో నాకు దొరికిన మంచి మెచ్చుకోళ్ళలో అదొకటి.

కిషన్‌రావు సార్ రిటైరయ్యారు. అరవైమంది ఫస్టియర్ పిల్లలు మూడు వందలయ్యారు. లైను మెట్లెక్కి పై అంతస్తుకి పోయేది. ఒక ఏడాది, ఎవరూ చెప్పకుండానే, ఆ ప్రశ్న మానేశాను. మనిషికి రెండు నిమిషాలు మిగిలాయని సంబరపడ్డాను కూడా.

స్కోరింగ్ పిచ్చి

అసలు కథకి ముందు ఒక మాట. మీ దగ్గరికి వచ్చే ప్రతి పదిమందిలో ఎనిమిది మంది అడిగేది ఒకటే, ఏది స్కోరింగ్ మేడమ్? రెండో భాష సంస్కృతం తీసుకుంటారు, ఎందుకంటే స్కోరింగ్. ఇంటర్‌లో దానికి వందకి తొంభై ఎనిమిది వచ్చిన పిల్లవాణ్ణి ఒక వాక్యం చదవమంటే నా వైపు చూసి నవ్వాడు. తెలుగు బాగా రాసేవాడు, వాళ్ళ వీధిలో అందరి దరఖాస్తులూ వాడే రాసిపెట్టేవాడు. పట్టుబట్టి తెలుగులో వేశాను. మార్కులు తగ్గాయి. మూడేళ్ళూ నాకు నమస్కారం పెట్టకుండా పక్కనుంచి వెళ్ళిపోయాడు. నేను చేసింది తప్పో ఒప్పో ఇప్పటికీ తెలియదు. రాత్రికి రాత్రి నా మాట విని మారిపోయినవాళ్ళ కథలు ఈ రాతలో దొరకవు.

నా అభిప్రాయం మాత్రం చెబుతాను. మొదటి ఏడాది కనీసం ఒక పేపరైనా పిల్లవాడికి ఇష్టమైనది ఉండాలి, ఒకటైనా భయపెట్టేది ఉండాలి. అన్నీ తేలికవి పెడితే రెండో ఏడాది కాళ్ళు వణుకుతాయి. అన్నీ కష్టమైనవి పెడితే రెండో ఏడాదికి మనిషే ఉండడు.

అనూష కార్డు

ఇక అసలు సంగతి. నేను రిటైరవడానికి ఐదేళ్ళ ముందు మాట. వీరేశం గారని ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయనది బేగం బజార్‌లో చీపుర్లు, చాటలు, కొబ్బరి తాళ్ళ హోల్‌సేల్ దుకాణం. ఇల్లు గౌలిగూడ వెనక గల్లీలో, కిరాయికి, రెండో అంతస్తు. కూతురి పేరు అనూష. ఇంటర్‌లో బైపీసీ చదివింది, డాక్టర్ సీటు రాలేదు. ఒక ఏడాది ఇంట్లో కూర్చుని బీకామ్‌కి వచ్చింది.

నా బల్ల ముందు ఒకటే కుర్చీ ఉండేది. ఆయన కూర్చున్నారు, ఆ పిల్ల వెనక నిలబడింది. అడగాల్సినవన్నీ ఆయన్నే అడిగాను, ఆయన చెప్పినవన్నీ రాసుకున్నాను. పొద్దుటి సెక్షన్ కావాలన్నారు, పన్నెండున్నరకల్లా అయిపోతే పిల్ల దుకాణానికి వస్తుందట. సరే అన్నాను. వెళ్ళేముందు ఆయన చాలా మర్యాదగా ఒక మాట చెప్పారు.

"ఒక్క సంవత్సరం చూస్తం మేడమ్. ఒక్క సబ్జెక్టు పోయినా, పరీక్షకు కూసోనియ్యకున్నా, చదువు బంద్. దుకాణంల నాకు మనిషి కావాలె."

ఇలాంటి మాటలు ఆ బల్ల దగ్గర రోజూ వింటాం. కార్డు మీద రాసుకోలేదు. ఆ పిల్ల వైపు చూసి, పొద్దుటి సెక్షన్ ఓకేనా అమ్మా అన్నాను. "ఔ మేడమ్" అంది. ఆ రోజు ఆ పిల్ల నాతో మాట్లాడిన మాట అదొక్కటే. నిన్న పొద్దున లేచి ఏం చేశావని నేను అడగనే లేదు.

ఇప్పుడు నా నిర్వాకం వినండి. పొద్దుటి సెక్షన్‌కి మొదటి గంట ఎనిమిదింటికి. ఆ గంట ఆరు రోజులూ అకౌంట్స్, చెప్పేది నేను. పిల్లల బుర్ర అప్పుడు చురుగ్గా ఉంటుందని బయటికి చెప్పేదాన్ని. నిజం ఏమిటంటే తొమ్మిదింటికల్లా నా గొంతు పని అయిపోతే నాకు హాయి. ఎనిమిదీ పదికి తలుపు గడియ పెట్టేదాన్ని. పైగా ఆ గంటలో నేను పిలిచిన హాజరే రోజంతటికీ హాజరని ప్రిన్సిపాల్‌ని ఒప్పించాను. ఐదుసార్లు పేర్లు పిలిచే తద్దినం ఎందుకని నా తెలివి. అందరూ మెచ్చుకున్నారు.

ముప్ఫై ఒక్క ఉత్తరాలు

పరీక్షలకి నెలన్నర ముందు హాజరు తగ్గినవాళ్ళ ఇళ్ళకి ఉత్తరాలు పోతాయి. మీ అమ్మాయికి డెబ్బై ఐదు శాతం లేదు, పరీక్షకి కూర్చోనివ్వబోము అని. ఆ ఏడాది పొద్దుటి సెక్షన్‌కి ముప్ఫై ఒకటి. సంతకాలు చేస్తూ పోతున్నాను. యాదగిరి పక్కన నిలబడి కవర్లు అంటిస్తున్నాడు, అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో వేసి రావాలని. పన్నెండో పదమూడో ఉత్తరం మీద అనూష పేరు. సగం రోజులు లేదు. చదువు మీద శ్రద్ధ లేనివాళ్ళు సీటు ఎందుకు తీసుకుంటారో అని పైకే విసుక్కున్నాను.

యాదగిరి కవరు అంటిస్తూనే, "గీ పోరి రోజూ వస్తది గద మేడమ్" అన్నాడు. "ఎనిమిదిన్నర దాటినంక ఉరుక్కుంట వస్తది. మీ తలుపు పెట్టి ఉంటది. బయట మెట్ల మీద కూసుంటది. గది నల్లా ఆబ్సెంట్."

నల్లా ఆబ్సెంట్ ఏమిటయ్యా అన్నాను. అతను నా వైపు జాలిగా చూశాడు. నాంపల్లిలో పుట్టిన మనిషికి ఇది కూడా చెప్పాలా అన్నట్టు.

హాజరు పట్టీ తెప్పించాను. అప్పటిదాకా దాన్ని పైనుంచి కిందికి చూసేదాన్ని, ఈ రోజు ఎవరు రాలేదని. ఆ రోజు మొదటిసారి అడ్డంగా చూశాను. అనూష వరసలో ఒక రోజు ఉంది, ఒక రోజు లేదు, ఒక రోజు ఉంది, ఒక రోజు లేదు. ఆదివారాలు కలిపి చూస్తే రెండు నెలలు ఒక్క రోజు తప్పలేదు. గౌలిగూడ, ఉస్మాన్‌గంజ్ వైపు నుంచి వచ్చే మరో ఎనిమిది మందిదీ అదే వరస. తొమ్మిది మందీ ఆడపిల్లలు. అవే గల్లీల మగపిల్లలు ఎనిమిదింటికి టంచనుగా క్లాసులో ఉన్నారు.

ఈ ఊళ్ళో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. నాకు తెలియనిదా? మా వీధిలోనూ అంతే. కాకపోతే మాకు సంపు ఉంది, మోటరు ఉంది, మీట నొక్కి నేను కాఫీ తాగుతాను. ముప్ఫై ఏళ్ళు అకౌంట్స్ చెప్పిన దాన్ని, రెండు వరసలు పక్కపక్కన పెట్టి చూడడం తెలియలేదు.

అనూషని పిలిపించాను. ఈసారి కుర్చీలో కూర్చోమన్నాను. కూర్చోలేదు. నిన్న పొద్దున లేచి ఏం చేశావో చెప్పమన్నాను, నాలుగేళ్ళ తర్వాత ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. ఆరున్నరకి నల్లా వస్తుంది. కింద ఒకటే నల్లా, నాలుగు కాపురాలు, వంతులు. అమ్మకి నడుము నొప్పి. డ్రమ్మూ బిందెలూ నింపి రెండంతస్తులు మోసేసరికి ఎనిమిది. ఆ తర్వాత స్నానం, నడక. నల్లా రాని రోజు ఏడున్నరకే కాలేజీలో ఉంటుంది. పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకుపోయింది, ఫిర్యాదు లేకుండా.

నాకు కోపం వచ్చింది, ఆ పిల్ల మీదే. ఇన్నాళ్ళూ నోరు తెరిచి ఎందుకు చెప్పలేదని గద్దించాను. అప్పుడు తలెత్తి నా వైపు చూసింది.

"చెప్తే మీరు డాడీకి ఫోన్ చేస్తరు మేడమ్. డాడీ నా చదువు బంద్ చేస్తడు గని, నీళ్ళు బంద్ చెయ్యడు గద."

ఆ తొమ్మిది ఉత్తరాలూ కట్టలోంచి తీసి నా బ్యాగులో పెట్టుకున్నాను. ఉత్తరం ఆ ఇంటికి చేరిన రోజు ఆ పిల్ల చదువుకి ఆఖరి రోజు. దాని మీద సంతకం నాది.

ప్రభాకర్ డైరీ

ఉత్తరాలు ఆపితే చాలదు. రికార్డులో హాజరు సగమే. దాన్ని దిద్దడానికి నాకు మనసొప్పలేదు. జాలితో ఒకసారి దిద్దిన పట్టీని మర్నాడు ఇంకెవరో ఇంకెందుకో దిద్దుతారు.

ఇంగ్లీషు చెప్పే ప్రభాకర్‌కి ఒక అలవాటు ఉండేది. మొదటి గంట హాజరు చాలని రూలు వచ్చాక కూడా, అతను తన రెండో గంటలో పేర్లు పిలిచి సొంత డైరీలో రాసుకునేవాడు. పిల్లల పేర్లు గుర్తుండాలంటే రోజూ పిలవాలండీ అనేవాడు. స్టాఫ్‌రూములో ఆ డైరీ మీద నేను వేసిన జోకులకి లెక్క లేదు. ఇప్పుడు అదే డైరీ కోసం అతని దగ్గరికి వెళ్ళాను, తల కొట్టేసినట్టు. అతను వెంటనే తీసి ఇచ్చాడు. రెండో గంటలో అనూష లేని రోజులు మూడు.

డైరీ తీసుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాను. రూలు నాదే, తప్పూ నాదే అని మొదటే చెప్పేశాను. ఇలాంటి చోట మీకు ఒక సలహా. తప్పు ఒప్పుకునేటప్పుడు కారణాలతో మొదలుపెట్టకండి, ఎదుటివాళ్ళు కారణాల దగ్గరే పట్టుకుంటారు. ఆయన చాలాసేపు గొణిగారు. తొమ్మిది మందికి చేస్తే తొంభై మంది వస్తారన్నారు. వస్తే తొంభై మందివీ చూద్దాం అన్నాను. ఆఖరికి రెండో గంట హాజరుని లెక్కలోకి తీసుకుంటూ కాగితం రాయించి సంతకం పెట్టారు. ఆయనా అంత చెడ్డవాడు కాదు, భయస్తుడు.

ప్రభాకర్ మొదటి గంట తను తీసుకున్నాడు. రోజూ ఉప్పల్ నుంచి గంట ముందు బయల్దేరాలి అతను. అకౌంట్స్ మూడో గంటకి మారింది. ఇంగ్లీషు అయితే ఆలస్యంగా వచ్చినా వెనక తలుపులోంచి వచ్చి కూర్చోనిస్తానన్నాడు. గడియ పెట్టడం నాకు మాత్రమే వచ్చిన విద్య.

బేగం బజార్‌లో

హాజరు దారిలో పడింది. చదువు పడలేదు. రెండు నెలల్లో సగం అకౌంట్స్ ఆ పిల్ల వినలేదు, ఇంటర్‌లో కామర్స్ అసలే లేదు. ఇంటర్నల్ పరీక్షలో ఇరవైకి నాలుగు. ఒక్క సబ్జెక్టు పోయినా బంద్ అన్న మాట అప్పుడు నా చెవిలో మోగడం మొదలుపెట్టింది. పన్నెండున్నర నుంచి ఒంటిగంటన్నర దాకా ఆ తొమ్మిది మందికీ మళ్ళీ మొదటి నుంచి చెబుతానన్నాను. ఎనిమిది మంది సరే అన్నారు. అనూషకి మాత్రం ఆ గంట దుకాణానిది.

ఒక శనివారం నేనే బయల్దేరాను. బేగం బజార్‌లో నడవడం అంటే తెలుసుగా, తోపుడుబండికీ ఆటోకీ మధ్య ప్రాణం అరచేతిలో పెట్టుకుని పోవాలి. వీరేశం గారు నన్ను చూసి గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చారు. స్టూలు తుడిచి వేశారు, చాయ్ తెప్పించారు. లోపల చీపురు కట్టల మధ్య అనూష నిలబడి ఉంది. వాళ్ళ నాన్న మొహం, నా మొహం మార్చి మార్చి చూస్తోంది.

జరిగింది చెప్పాను. ఉత్తరం సంగతీ దాచలేదు. ఆయన మొహం గంటుపెట్టుకున్నారు.

"పొద్దటి సెక్షన్ మీరే గద రాసిచ్చిన్రు మేడమ్."

"అవును, నేనే రాసిచ్చాను. మీ అమ్మాయిని అడక్కుండా రాసిచ్చాను. తప్పు నాది. అందుకే నేనే వచ్చాను."

ఆయన గ్లాసు తిప్పుతూ, నల్లా ముచ్చట తనకి ఎర్క లేదని, గవన్నీ ఇంట్ల ఆడోళ్ళు చూస్కుంటరని అన్నారు. అబద్ధం కాదు. ఆయన ఎనిమిది దాటాక లేస్తారు, అప్పటికి డ్రమ్ము నిండి ఉంటుంది. అది ఎలా నిండుతుందో చూడాల్సిన పని ఎప్పుడూ పడలేదు. అక్కడ నేను నోరు అదుపులో పెట్టుకోవాల్సింది. పెట్టుకోలేదు.

"మీ ఇంట్లో నీళ్ళు పట్టడానికి ఇంకెవరికీ చేతుల్లేవా అండీ?" అన్నాను.

లోపల అనూష తల దించేసుకుంది. పక్క దుకాణం ఆయన ఇటు తిరిగి చూశాడు. సాయం అడగడానికి వచ్చి దుకాణంలో నలుగురి ముందు మనిషిని అలా అనకూడదు. అన్న మరుక్షణం నాకు తెలిసింది, ఇక పని చెడిందని. వీరేశం గారు ఎవరో చాటలు అడిగితే లేచి వెళ్ళి బేరం చూసుకున్నారు. నేను చల్లారిన చాయ్ పట్టుకుని స్టూలు మీద దోషిలా కూర్చున్నాను. పది నిమిషాల తర్వాత వచ్చి, నా వైపు చూడకుండా, చాటలు సర్దుతూ అన్నారు.

"ఒక్క గంట గద. తీస్కోండ్రి. గని పాస్ కావాలె."

ఐదు వారాలు చెప్పాను. ఆ పిల్ల చురుకైనదేం కాదు, మొండిది. అర్థం కానిదాన్ని వదిలిపెట్టేది కాదు, నన్నూ వదిలిపెట్టేది కాదు. ఒకరోజు బైపీసీ పుస్తకంలోని, రక్తం గుండెలోకి వచ్చి పోయే బొమ్మ గీసి, డెబిట్ క్రెడిట్ ఇట్లనే గద మేడమ్ అంది. ముప్ఫై ఏళ్ళలో నాకు తట్టని మాట. ఫలితాల రోజు తెల్లవారగానే నా ఫోన్‌లో ఆ తొమ్మిది మంది హాల్‌టికెట్ నంబర్లు ఒక్కొక్కటే కొట్టి చూశాను. మొదట కొట్టింది అనూషదే. అకౌంట్స్‌లో నలభై మూడు. ర్యాంకూ లేదు, పతకమూ లేదు. నేను మాత్రం వంటింట్లో ఒక్కదాన్నే కాసేపు ఏడ్చాను.

ఆ తర్వాత బల్ల

రెండో కుర్చీ తెప్పించాను. పిల్లలు ముందు కూర్చోవాలి, వాళ్ళే ముందు మాట్లాడాలి. తల్లిదండ్రులు తర్వాత. కిషన్‌రావు సార్ ప్రశ్న మళ్ళీ మొదలుపెట్టాను, దానికి ఇంకొకటి చేర్చాను, నల్లా వచ్చే రోజు నీళ్ళు ఎవరు పడతారు? కార్డు మీద కుడి మూల అది రాసుకునేదాన్ని. లైను మెట్లెక్కి పోతే పోనీ. తొందరగా వెళ్ళాలనే వాళ్ళకి నీళ్ళ సీసా ఇచ్చి కూర్చోమనేదాన్ని.

పోయిన ఏడాది నుంచి కార్డులు లేవు, కంప్యూటర్ ఫారం వచ్చింది. అందులో కులం ఉంది, ఆధార్ ఉంది, బ్లడ్ గ్రూపు ఉంది. నల్లాకి గడి లేదు. ఒక గడి పెట్టవయ్యా అంటే, ఆ ఫారం చేసిన కుర్రాడు నాకు మతి చలించిందనుకున్నాడు. ఆఖరికి 'ఇతర వివరాలు' అని చిన్న గడి ఇచ్చాడు. అందులో రాయండి. దాన్ని ఖాళీగా వదిలేస్తే మాత్రం నేను వచ్చి మీతో పోట్లాడతాను, రిటైరయ్యాను కదా అని ధైర్యంగా ఉండకండి.

నా ఆఖరి అడ్మిషన్ల వారంలో, మధ్యాహ్నం పూట, వీరేశం గారు వచ్చారు. జుట్టు ఇంకాస్త నెరిసింది. వెంట రెండో అమ్మాయి, శిరీష. బీబీఏలో సీటు వచ్చింది. అనూష అబిడ్స్‌లోనే ఒక ఆడిటర్ ఆఫీసులో పని చేస్తోందని, అందుకే రాలేదని చెప్పారు. బేగం బజార్‌లో నేనన్న మాట తర్వాత ఆయనా నేనూ ఎదురుపడింది అదే. లోపల నాకు కాస్త బెదురుగానే ఉంది.

రెండు కుర్చీలున్నాయి. ఆయన ఒక కుర్చీ వెనక్కి లాగి, నువ్వు కూసో బిడ్డా, మేడమ్ నిన్ను అడుగుతది అన్నారు. తను కూర్చోలేదు. వెనక నిలబడ్డారు, అప్పుడు అనూష నిలబడ్డ చోటే.

శిరీష అక్కలా కాదు, గలగలా మాట్లాడుతుంది. రెండో భాష హిందీ, కంప్యూటర్ ఇప్పుడే కావాలి, స్టాటిస్టిక్స్ అంటే భయం లేదు. అన్నీ రాసుకున్నాను. పొద్దుటి సెక్షన్ అడిగింది. నా చెయ్యి దానంతటదే ఆగింది.

"నల్లా వచ్చే రోజు మీ ఇంట్లో నీళ్ళు ఎవరు పడతారమ్మా?"

ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ తల తిప్పి వెనక్కి చూసింది. వీరేశం గారు కిటికీలోంచి చెప్పుల దుకాణాల వైపు చూస్తున్నారు. అటు చూస్తూనే చెప్పారు.

"నేనే పడ్తున్న మేడమ్. మీరు దుకాణానికి వచ్చిపోయిన మూడో రోజుకెళ్ళి. పొద్దటి సెక్షనే రాయుండ్రి, లేట్ కాదు."